ఎర్రమట్టి, తెల్లసున్నం: మన ఆఫీసు పూలకుండీల వెనుక కథ



ఈ ప్రత్యేక సంచికలో పి.ఆర్.సి. గురించి, డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి వ్రాసేవారు చాలామంది ఉంటారు. ఆ విషయాలు వారు నాకంటే బాగా వ్రాయగలరు. మనమందరం ముప్పై ఏళ్ళకు పైగా రోజూ చూస్తూ కూడా పట్టించుకోని ఒక చిన్న వస్తువు గురించి నేను వ్రాయదలచుకున్నాను. అది మన కార్యాలయాల మెట్ల పక్కన వరుసగా నిలబడి ఉండే మట్టి పూలకుండీ. ఒళ్ళంతా ఎరుపు, మూతి దగ్గర తెల్లటి పట్టీ. తాలూకా ఆఫీసు, ట్రెజరీ, పోలీసు స్టేషన్, రైల్వే స్టేషన్, ట్రావెలర్స్ బంగళా, ఎక్కడ చూసినా ఆ రెండు రంగులే కనిపించేవి. ఎవరు పెట్టారీ పద్ధతి? ఎందుకు ఆ రెండు రంగులే? రిటైరయ్యాక దొరికిన తీరికలో గ్రంథాలయానికి వెళ్ళి పాత పుస్తకాలు తిరగేసినప్పుడు నాకు దొరికిన సమాధానం ఏమిటంటే, మనం సర్కారీ అలవాటు అనుకున్నది నిజానికి ఈ నేల మీద చాలా పాత అలవాటు.

జమాబందీ ముందు రోజులు

నేను 1973లో ఒక తాలూకా కచేరీలో ఎల్.డి. క్లర్కుగా చేరాను. 1985లో మండలాలు వచ్చేదాకా తాలూకాలే కదా. ఏటా జమాబందీకి పెద్ద దొరగారు వస్తున్నారంటే వారం ముందునుంచే హడావుడి మొదలయ్యేది. రికార్డు గదిలో దుమ్ము దులపడం, కట్టలకు కొత్త ఎర్రగుడ్డలు కట్టడం మా వంతు. ఆవరణ సంగతి బంట్రోతుల వంతు. పాత బకెట్టులో ఎర్రమట్టి నానబోసి, గోనెగుడ్డ ముక్కతో కుండీలకు పూసేవారు. అది ఆరాక కొబ్బరిపీచు కుంచెతో మూతిచుట్టూ సున్నం పట్టీ వేసేవారు. మిగిలిన సున్నం దారికి ఇరువైపులా ఏటవాలుగా పాతిన ఇటుకలకు, అప్పటికీ మిగిలితే వేపచెట్టు మొదలుకు. ఆగస్టు 15కు, జనవరి 26కు మళ్ళీ ఇదే తంతు.

ఈ ఖర్చు కంటింజెంట్ బిల్లులో ‘ఆవరణ శుభ్రత’ పద్దు కింద వ్రాసేవాణ్ణి. ఎన్ని కుండీలున్నా వోచరు పది రూపాయలు దాటిన జ్ఞాపకం నాకు లేదు. ఆడిట్ వారు కూడా దాని జోలికి వచ్చేవారు కాదు. వానాకాలం వచ్చిందంటే ఆ పూత సగం కొట్టుకుపోయేది. మళ్ళీ వేసేవారు. ఇది తక్కువ రకం రంగు, డబ్బు లేక వేస్తున్నారు అనే అందరమూ అనుకునేవాళ్ళం.

జేగురు అంటే

ఆ ఎర్రమట్టికి మన భాషలో చాలా పేర్లున్నాయి. జేగురు అంటారు, జాజు అంటారు, సంస్కృతంలో గైరికం. గిరి, అంటే కొండ, అనే మాటనుంచి గైరికం వచ్చింది, కొండలలో దొరికేది కనుక. అదే హిందీలో గేరు అయింది. ఇనుము తుప్పుకు ఆ రంగు వచ్చినట్టే, మట్టిలోని ఇనుప ధాతువు వల్ల జేగురుకు ఆ ఎరుపు వస్తుంది. మన పాత కర్నూలు జిల్లాలో ఈ మట్టి గనులున్నాయి. ఇది ఎండకు వెలవదు. రంగుగుడ్డ వెలుస్తుంది, కాగితం మీద సిరా వెలుస్తుంది కానీ, జేగురు వేల ఏళ్ళయినా అలాగే ఉంటుంది. కొండగుహలలో ఆదిమానవులు వేసిన బొమ్మలు ఈనాటికీ కనిపించడానికి కారణం అదే.

సున్నం కథ వేరు. రాతిసున్నమైనా, గుల్లసున్నమైనా బట్టీలో కాల్చి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి మెత్తని ముద్ద అవుతుంది. దాన్ని పలుచగా పూస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా గట్టిపడుతుంది. అందుకే సున్నం వేసిన రోజు కంటే నాలుగు రోజుల తరువాత ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. ఈ రెండింటికీ ఒక సమాన గుణం ఉంది. రెండూ మట్టి సంబంధమైనవే. మట్టికుండ మీద పూస్తే దాని సన్నని రంధ్రాలను పూర్తిగా మూసివేయవు. ఈ సంగతి తరువాత అవసరమవుతుంది కనుక పాఠకులు గుర్తుంచుకోవాలి.

రెండు వేల ఏళ్ళ నాటి పూత

కుండకు రంగువేయడం మన ప్రాంతంలో శాతవాహనుల కంటే కూడా పాతది. పాత కర్నూలు జిల్లా బనగానపల్లె దగ్గర పాతపాడు అనే ఊరుంది. అక్కడ దొరికిన రంగుల కుండలు మూడువేల ఏళ్ళకు పైబడినవి. ఎర్రటి నునుపైన పూత మీద ముదురు రంగు గీతలు, కొన్నింటికి పొడవైన కొమ్ములు. పురావస్తు గ్రంథాలలో ఆ ఊరి పేరుమీదనే ఆ కుండలను వ్యవహరిస్తారు.

అయితే మన ఆఫీసు కుండీకి అసలైన పెద్దన్నయ్య వేరే ఉన్నాడు. అప్పటి భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ మార్టిమర్ వీలర్ దొర 1947లో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపించారు. అది అశోకుని శాసనం ఉన్న స్థలం. అక్కడ పొరలు పొరలుగా మూడు కాలాల అవశేషాలు బయటపడ్డాయి. అడుగున రాతిగొడ్డళ్ళ కాలం, దాని మీద పెద్ద రాతి సమాధుల కాలం, ఆ పైన శాతవాహనుల కాలం. ఈ పై పొరకు వీలర్ ‘ఆంధ్ర సంస్కృతి’ అని పేరు పెట్టారు. అందులో ఒక తరహా కుండలు దొరికాయి. వాటి మీద సున్నంతోగాని తెల్లటి సుద్దమట్టితోగాని గీతలు, అడ్డుగీతలు, వలల వంటి అల్లికలు గీసి, ఆ పైన పలుచగా జేగురు పూత పూశారు. ఎర్రటి కుండ మీద తెల్లని గీతలన్నమాట. ఇదే తరహా కుండ పెంకులు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాలలోని శాతవాహన కాలపు దిబ్బలలో దొరుకుతూ వచ్చాయి.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. సున్నం, జేగురు! మా బంట్రోతు పాత బకెట్టులో కలిపినవి ఆ రెండే కదా. ఆయనకు శాతవాహనులు తెలియదు, వీలర్ తెలియదు. వాళ్ళ ఇంట్లో అరుగుకూ గోడకూ ఏం పూస్తారో అదే ఆఫీసు కుండీకీ పూశాడు. ఆ ఇంటి అలవాటు ఎంత పాతదో చెప్పడానికి ఈ పెంకులు చాలు.

మన కుమ్మరులు తమను శాలివాహనులుగా చెప్పుకుంటారు. కుమ్మరి ఇంట పెరిగిన శాలివాహనుడు మట్టితో ఏనుగులను, గుర్రాలను, సైనికులను చేసి, వాటికి ప్రాణం వచ్చాక యుద్ధం గెలిచాడని కథ ఉంది. కథను కథగానే తీసుకుందాం. కానీ సంగారెడ్డి దగ్గరి కొండాపురంలో 1940ల తొలి రోజులలో నిజాం రాష్ట్ర పురావస్తు శాఖ తరఫున గులాం యాజ్దానీ గారు తవ్వించినప్పుడు శాతవాహనుల నాణేలతోపాటు చక్కని మట్టిబొమ్మలు, తెల్లసుద్దతో చేసిన బొమ్మలు బయటపడ్డాయి. రామాయణం వ్రాసిన మొల్లను కుమ్మర మొల్ల అంటున్నాం. సారె తిప్పిన ఇంటికి మన చరిత్రలో ఉన్న చోటు చిన్నది కాదు.

పెళ్ళికుండ, బోనం, తులసికోట

శాతవాహనులు పోయారు, రాజ్యాలు మారాయి. కుండ మీది రంగు మాత్రం మన ఇళ్ళలో పండుగల పేరిట నిలిచింది. పెళ్ళిలో పెట్టే అవిరేణి కుండలు మనకు తెలుసు. తెలంగాణలో ఐరేని కుండలంటారు. మేళతాళాలతో కుమ్మరివారి ఇంటికి వెళ్ళి, వారికి ఇవ్వవలసిన మర్యాద ఇచ్చి తెచ్చుకునే కుండలవి. వాటి మీద సున్నం తెలుపు, ఆ తెలుపు మీద రంగుల గీతలు, చుక్కలు వేస్తారు. ఆషాఢంలో హైదరాబాదు, సికింద్రాబాదులలో అమ్మవారికి ఎత్తే బోనం కుండకు సున్నం, పసుపు, కుంకుమ అలంకారం, పైన వేపమండలు, దీపం. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాయి.

ఇక మొక్కకు సంబంధించినంతవరకు మన సంప్రదాయంలో రంగు వేసిన తొట్టి అంటే తులసికోట. ఒంటికి జేగురు, అంచులకు సున్నం, ముందు ముగ్గు. మా అమ్మ ప్రతి శుక్రవారమూ కోటను కడిగి ఎర్రమట్టితో అలికి, వ్రేళ్ళతో సున్నం గీతలు దించేది. అందుకే ఆఫీసు కుండీకి ఎరుపు, తెలుపు ఎవరు నిర్ణయించారని ఏ ఉత్తర్వులోనూ వెతకనక్కరలేదు. ఆ రంగులు ముందుగా పెరట్లో ఉన్నాయి.

కుండీ కచేరీకి వచ్చిన విధం

అడుగున చిల్లు పెట్టి, వసారాలో వరుసగా పేర్చి, అందం కోసం మొక్కలు పెంచే ఇప్పటి పూలకుండీ పద్ధతి మాత్రం ఎక్కువగా దొరల బంగళాలతో వ్యాపించింది. దొరలకు రెండు మూడేళ్ళకొకసారి బదిలీ. నేలలో నాటిన మొక్క బండి ఎక్కదు, కుండీలోది ఎక్కుతుంది. హిందీలో కుండీని గమ్లా అంటారు. ఆ మాట పోర్చుగీసువారి భాషనుంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. 1835లో మద్రాసులో వ్యవసాయ ఉద్యాన సంఘం ఏర్పడింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ ప్రాంతాలు చాలావరకు మద్రాసు రాజధానిలోనివే. పసిఫిక్ దీవుల క్రోటన్ మొక్కలు ఆ శతాబ్దంలోనే మన దేశానికి వచ్చి కలెక్టరు బంగళానుంచి తాలూకా కచేరీ దాకా పాకాయి.

మొక్క విదేశీది, కుండీ తరహా విదేశీది. కాని ఆ కుండీని చేసినవాడు ఊరి కుమ్మరి, దానికి రంగువేసినవాడు ఊరి మనిషి. కంటోన్మెంటులలో ఇటుకలకు, చెట్లకు గేరు, సున్నం వేయడం ఒక క్రమశిక్షణగా మారి, అక్కడినుంచి మిగతా ప్రభుత్వ శాఖల ఆవరణలకూ పాకింది. చౌక, ఎక్కడైనా దొరుకుతుంది, కుండీల మీది నాచు మరకలను, తెల్లని ఉప్పు పొరను కప్పేస్తుంది, అన్ని కుండీలూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆఫీసుకు ఇంకేం కావాలి?

ఎనామిల్ వచ్చింది

మన దేశంలో పెద్ద ఎత్తున రంగులు తయారుచేసిన తొలి కర్మాగారం 1902లో హౌరాలో పెట్టిన షాలిమార్ వారిది. 1942లో బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ మొదలైంది. ఆ కంపెనీ కోసం 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు బొమ్మ, చేతిలో కారుతున్న రంగుడబ్బాతో ఉన్న ఆ కుర్రవాడు, మనకందరికీ గుర్తే. తలుపులకు, కిటికీ ఊచలకు ఎనామిల్ రంగు మంచిదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ డబ్బా కుండీల దగ్గరకు వచ్చినప్పుడు.

1980ల చివర నేను పనిచేసిన ఒక కార్యాలయంలో (పేరెందుకు లెండి) కొత్తగా వచ్చిన అధికారికి ఎర్రమట్టి మోటుగా కనిపించింది. నలభై కుండీలకు లోపలా బయటా ఎనామిల్ వేయించారు, ఆకుపచ్చ మీద పసుపు పట్టీ. తనిఖీకి వచ్చినవారు మెచ్చుకున్నారు. ఆ వర్షాకాలం వెళ్ళేసరికి సగం మొక్కలు వేరుకుళ్ళు వచ్చి పోయాయి. రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా ఊడింది. తోటపని చేసే పెద్దాయన నాతో, “గుమాస్తాగారూ, కుండ ఊపిరి పీల్చాలండి. ముక్కూ నోరూ మూసేశారు, ఇంకేం బతుకుతుందండి?” అన్నాడు. తరువాత ఆడిట్ వారు రంగు ఖర్చు మంజూరుకు మించిందని అభ్యంతరం పెట్టారు. సంజాయిషీ తయారుచేసే పని నాకే పడింది. ‘కుండ ఊపిరి’ మాట అందులో వ్రాయడానికి సూపరింటెండెంటుగారు ఒప్పుకోలేదు.

ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఊరి ఆవంలో కుండ సుమారు 700 నుంచి 900 డిగ్రీల వేడిలో కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గాని గాజులాగా కరిగి మూసుకుపోదు. కంటికి కనబడని రంధ్రాలు మిగులుతాయి. తాగునీటి కుండలో నీళ్ళు చల్లబడేది వాటి వల్లనే. నీరు గోడలోనుంచి ఊరి, ఆవిరై, వేడిని తీసుకుపోతుంది. పూలకుండీలోనూ అంతే. అదనపు తడి పక్కలనుంచి పోతుంది, వేళ్ళకు గాలి అందుతుంది, మన రోహిణి ఎండలలో వేరు ఉడకకుండా ఉంటుంది. నూనె రంగు ఈ దారులను మూసేస్తుంది. లోపలి తడి బయటికి రావాలని తోస్తుంది, దానితోపాటు ఉప్పులు వచ్చి రంగు వెనుక పేరుకుంటాయి, బొబ్బలు లేస్తాయి. జేగురు, సున్నం వేసిన కుండకు ఈ బాధ లేదు. ఏటా కొంత రాలుతుంది, ఏటా మళ్ళీ పూస్తాం. తక్కువ రకం రంగు అని మనం చిన్నచూపు చూసినది కుండ స్వభావానికి సరిపోయే రంగు.

ఇంకొక మాట. పాత రోజుల ఎనామిల్ రంగులలో సీసం ఎక్కువగా ఉండేది. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1నుంచి అమలులోకి వచ్చాయి. అటకమీద మిగిలిపోయిన పాత డబ్బా ఉంటే దాన్ని తులసి, కొత్తిమీర, పుదీన పెంచే కుండీలకు వాడకండి.

కుమ్మరి వీధి సంగతి

ఇదంతా ఒక్క మొక్కల గొడవే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. కుమ్మరి చేతిలోనుంచి ఒక్కొక్క వస్తువే ఎలా జారిపోయిందో చూడండి. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ పెంకు వ్యాపించాక ఊరి కుమ్మరి కాల్చే ఇంటిపెంకు క్రమంగా పోయింది. అల్యూమినియం, స్టీలు వచ్చి వంటకుండ పోయింది. ప్లాస్టిక్ బిందె వచ్చి నీళ్ళకడవ పోయింది. ఫ్రిజ్ వచ్చి కూజా పోయింది. ఇప్పుడు మిగిలింది ఎండాకాలం కుండలు, దీపావళి ప్రమిదలు, వినాయకులు, పెళ్ళికుండలు, ఆపైన పూలకుండీ. మిగతావన్నీ ఏడాదిలో కొద్ది రోజుల బేరం. ఏడాది పొడుగునా అడిగే అవకాశం ఉన్నది పూలకుండీ ఒక్కటే. దానిమీదకూ ఇప్పుడు ప్లాస్టిక్ కుండీ వచ్చి కూర్చుంది. కడియం నర్సరీలలో మొక్క నల్లకవరులో వస్తుంది. ఇంటికి తెచ్చాక దాన్ని మట్టిలో పెడతామా, ప్లాస్టిక్‌లో పెడతామా అన్నది మన చేతిలో ఉంది.

దారి లేకపోలేదు. మదనపల్లె ప్రాంతపు కుమ్మరులు అలంకారపు కుండీలు, మట్టిబొమ్మలు చేసి మంచి పేరు తెచ్చుకున్నారు. నగరాలలో కుర్రకారు కుండీల మీద వార్లీ బొమ్మలు వేస్తున్నారు. అది మహారాష్ట్రలోని ఠాణే, పాల్ఘర్ ప్రాంతపు గిరిజనుల కళ. జేగురు పూసిన గోడ మీద బియ్యపు పిండితో వేసే బొమ్మలు. దానిని లోకానికి తెలియజేసిన జివ్యా సోమా మాషే గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, వారు 2018లో కాలం చేశారు. అక్కడా ఎరుపు మీద తెలుపే. మన పిల్లలు దాన్ని కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారు. అనుకోనివ్వండి, మంచిదే. వాళ్ళ నానమ్మ ముగ్గు కూడా అదే కుండీ మీద వేయవచ్చునని మనం చెబితే చాలు.

చేసే పద్ధతి

ఆసక్తి ఉన్నవారికోసం నేను ఇంటి మేడమీద చేస్తున్న పద్ధతి చెబుతాను. కొత్త కుండీని ఒక పూట నీళ్ళలో నానబెట్టి, పీచుతో తోమి, రెండు రోజులు నీడన ఆరబెట్టాలి. జేగురు పొడిని రాత్రి నానబోసి ఉదయం పాతగుడ్డలో వడకట్టాలి. గిన్నెడు రంగుకు రెండు చెంచాల తుమ్మబంక నీళ్ళు కలిపితే చేతికి అంటదు. బయటివైపు మాత్రమే, పలుచగా రెండుసార్లు పూయాలి. లోపల, అడుగున పూయకూడదు. చిల్లు మూసుకోకుండా చూడాలి. మర్నాడు సున్నంలో కాస్త గంజి కలిపి సన్నని కుంచెతో పట్టీగాని, ముగ్గుగాని వేయాలి. సున్నం కంట్లో పడకుండా జాగ్రత్త, పిల్లలకు మాత్రం దాని బదులు బియ్యపు పిండి ఇవ్వండి. మొక్క నాటడానికి ఇంకో నాలుగు రోజులు ఆగితే పూత గట్టిపడుతుంది. దసరా ముందు ఒకసారి, ఉగాది ముందు ఒకసారి కొత్త పూత చాలు.

చివరగా ఒక విన్నపం. మన సంఘ భవనం మెట్ల పక్కన ఇప్పుడు ఉన్నవి పగిలిన ప్లాస్టిక్ తొట్లు. వచ్చే సర్వసభ్య సమావేశం లోపల వాటి స్థానంలో పన్నెండు మట్టికుండీలు పెడదామని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. కుండీలు మన ఊరి కుమ్మరి వీధిలోనే, బేరమాడకుండా కొనాలి. వాటి ఖరీదు నేను ఇచ్చుకుంటాను. ఎర్రమట్టి నానబోసే పని కూడా నాదే. సమావేశానికి ముందు ఆదివారం మనవలతో సహా వచ్చి, నడుము సహకరించేవారు తలా ఒక కుంచె పట్టుకుంటే చాలును. వోచరు అవసరం లేదు.